సొంత ల్యాబ్ లేకపోయినా ఇంజనీరింగ్ పీహెచ్‌డీ: బయటి సంస్థలకు రీసెర్చ్ విజిట్లు వెళ్లి పూర్తి చేయడం ఎలా?

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు అడిగేది దాదాపు ఒకటే. “సార్, కోర్సువర్క్ అయిపోయింది, టాపిక్ ఓకే అయింది. మా కాలేజీలో ఎక్స్‌ఆర్‌డీ లేదు, సెమ్ లేదు. బయటికెళ్లి చేసుకుంటే యూనివర్సిటీ ఒప్పుకుంటుందా? అసలు ఎవర్ని అడగాలి?” ఎక్స్‌ఆర్‌డీ అంటే పదార్థంలో ఏ స్ఫటికాలున్నాయో చూపే యంత్రం, సెమ్ అంటే చాలా పెద్దదిగా చూపి ఫొటో తీసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు.

పద్ధతిగా అడిగితే ఒప్పుకుంటుంది. ఇందులో నామోషీ పడాల్సింది కూడా ఏమీ లేదు. ప్రభుత్వ డబ్బుతో కొన్న పెద్ద పరికరాలు ఆ ఒక్క సంస్థ వాళ్ల కోసమే కాదు, మీకోసం కూడా. కానీ విజిట్ అంటే వెళ్లి నాలుగు రీడింగులు తెచ్చుకోవడమే అనుకుంటే ఏళ్లు దొర్లిపోతాయి, పెన్‌డ్రైవ్ నిండుతుంది, థీసిస్ మాత్రం కదలదు. థీసిస్‌లో ఏ ఖాళీ బొమ్మ, ఏ ఖాళీ పట్టిక నింపడానికి వెళ్తున్నారో ముందే కాగితం మీద పెట్టండి. అది లేకుండా రైలెక్కకండి.

చెప్పేది సులువుగా అర్థం కావడానికి ఒక టాపిక్ అనుకుందాం. కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా రిఫైనరీ ఉంది. పంచపట్మలి కొండ మీది బాక్సైట్ నుంచి అల్యూమినా తీశాక మిగిలేది రెడ్ మడ్. దాంతో సిమెంటు లేని ఇటుకలు, అంటే జియోపాలిమర్ ఇటుకలు చేయడం మన థీసిస్ అనుకుందాం. మీది ఎలక్ట్రానిక్స్ అయినా, మెకానికల్ అయినా పద్ధతి ఇదే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ యూనివర్సిటీ పీహెచ్‌డీ ఆర్డినెన్సు కాపీ. సీనియర్లు చెప్పింది సరిపోదు, పీడీఎఫ్ తెచ్చుకుని చదవాలి.
- రిజిస్ట్రేషన్ లెటర్, బోనఫైడ్ సర్టిఫికెట్, కాలేజీ ఐడీ.
- ఉద్యోగం చేస్తూ చదువుతుంటే మేనేజ్‌మెంట్ ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం).
- గైడు సంతకంతో ఒక పేజీ పని ప్రణాళిక.
- శాంపిల్ ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకుంటే ఆ ఫ్యాక్టరీ అనుమతి పత్రం.
- పేజీ నంబర్లు వేసిన గట్టి అట్ట నోట్‌బుక్ ఒకటి. విడి కాగితాలు వద్దు.
- ప్రయాణానికి, టెస్టు ఫీజులకు కొంత డబ్బు. స్కీములు ఉన్నాయి కానీ వాటి డబ్బు చాలావరకు ఆలస్యంగానే చేతికొస్తుంది.

1. ఖాళీ బొమ్మల జాబితా రాయండి

థీసిస్ అధ్యాయాల పేర్లు రాసి, ఒక్కో అధ్యాయం కింద రావాల్సిన బొమ్మలు, పట్టికలు ఖాళీగానే వేసుకోండి. ఉదాహరణకు నాలుగో అధ్యాయంలో: పట్టిక 4.1, రెడ్ మడ్‌లో ఏ ఆక్సైడ్ ఎంత శాతం. బొమ్మ 4.2, పచ్చి రెడ్ మడ్, కాల్చిన రెడ్ మడ్ ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫులు ఒకదాని కింద ఒకటి. బొమ్మ 4.5, 28 రోజుల ఇటుక విరిగిన ముఖం సెమ్ ఫొటో.

ప్రతిదాని పక్కన మూడు విషయాలు రాయండి. ఇది ఏ ప్రశ్నకు జవాబు? ఇక్కడే చేయగలమా? బయటైతే ఎన్ని శాంపిళ్లు?

ఈ పని పూర్తయ్యేసరికి జాబితా సగానికి పడిపోవడం మామూలే. కంప్రెషన్ టెస్టింగ్ మెషిన్ ప్రతి సివిల్ డిపార్ట్‌మెంట్‌లో ఉంటుంది, ఇటుక బలం అక్కడే చూడొచ్చు. పీహెచ్ మీటరు, మఫిల్ ఫర్నేస్ (శాంపిల్ కాల్చే కొలిమి), ఓవెన్, జల్లెడల సెట్టు కూడా ఉంటాయి. ఇక్కడ అయ్యే పని కోసం భువనేశ్వర్ వెళ్లకండి. “అందరి థీసిస్‌లోనూ ఉంది కాబట్టి” అని టీఈఎం, ఎక్స్‌పీఎస్ లాంటి పరీక్షలు చేయించే వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మీ ప్రశ్నకు అవి జవాబు చెప్పకపోతే ఆ వరుస కొట్టేయండి.

2. విజిట్‌ను కమిటీ మినిట్స్‌లోకి ఎక్కించండి

యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం స్కాలర్ ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు హాజరై పని చూపించాలి. మీ దగ్గర దాన్ని డీఎస్‌సీ అనో డీఆర్‌సీ అనో పిలుస్తుండొచ్చు. ఏ సంస్థకు, ఎన్ని రోజులు, ఏ కొలతల కోసం వెళ్తున్నారో ఆ సమావేశంలో చెప్పండి. అది మినిట్స్‌లో, అంటే సమావేశం రికార్డులో రాసి, సంతకాలయ్యాక కాపీ తీసుకోండి.

గైడు ఫోన్‌లో “వెళ్లిరామ్మా” అనడం వేరు, మినిట్స్‌లో ఉండడం వేరు. గైడు బదిలీ అయినా, రిటైర్ అయినా మిమ్మల్ని కాపాడేది మినిట్సే.

గడువులు కూడా ఇక్కడే లెక్కేసుకోండి. కోర్సువర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠం 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్ మీద ఇంకో 2 ఏళ్ల వరకు ఇవ్వొచ్చు. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికి ఆపైన మరో 2 ఏళ్ల సడలింపు ఉంది, మొత్తం 10 ఏళ్లు దాటకూడదు. మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల వరకు తీసుకోవచ్చు. ఆ సెలవును విజిట్ల కోసం కరిగించకండి, విజిట్‌కు ఆన్ డ్యూటీ అడగండి.

పార్ట్‌టైమ్ వాళ్లకు ఇంకో మాట. అవసరమైతే కోర్సువర్క్ కోసం డ్యూటీ నుంచి వదిలిపెడతామని ఎన్‌ఓసీలో ఉండాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. విజిట్ల ఊసు అందులో ఉండదు. “పరిశోధన పనికి బయటి సంస్థలకు వెళ్లేందుకు కూడా” అనే మాట మొదటే చేర్పించుకోండి. ఒకసారి జారీ అయిన ఎన్‌ఓసీని మార్పించుకోవడానికి నెలలు పడుతుంది.

3. మీకు కావాల్సింది ఏ రకం విజిట్?

మొదటిది, శాంపిల్ మాత్రమే వెళ్లడం. స్లాట్ బుక్ చేసి, పంపించి లేదా ఒక రోజు వెళ్లి ఇచ్చి ఫలితం తెచ్చుకోవడం. ఎక్స్‌ఆర్‌డీ, ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఏ మూలకం ఎంతుందో కొలిచేది) లాంటి వాటికి ఇది చాలు.

రెండోది, వారం నుంచి నాలుగు వారాలు ఉండి పని నేర్చుకుని చేయడం. ఇటుకలు వాళ్ల దగ్గరే పోసి, ఎండబెట్టి, చూసుకోవాల్సి వస్తే ఇది.

మూడోది, అక్కడి ప్రొఫెసర్‌ను కో-గైడ్‌గా పెట్టుకుని నెలల తరబడి పనిచేయడం. వేరే సంస్థ నుంచి కో-సూపర్‌వైజర్‌ను పెట్టుకునే వీలు ఉంది, కానీ యూనివర్సిటీ ఆమోదం ముందే రావాలి. పని సగమయ్యాక పేరు చేర్చబోతే గొడవలవుతాయి.

నా అభిప్రాయంలో ఎక్కువమందికి మొదటి రకం మూడు నాలుగు సార్లు, రెండో రకం ఒక్కసారి సరిపోతుంది. కో-గైడ్ ఉంటే పేరు బాగుంటుందని మూడో దానికి వెళ్లకండి. ఇద్దరు గైడ్లు చెరోవైపు లాగితే నలిగేది మీరే.

4. ఎక్కడికి వెళ్లాలి

ఫీజు, ప్రయాణం, అక్కడ ఆ పదార్థం మీద పనిచేసేవాళ్లు ఉన్నారా అనేది, ఈ మూడూ కలిపి చూడండి. పేరు చూసి ఎంచుకోకండి.

రాయగడ, కోరాపుట్ వాళ్లకు రాత్రి హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నకల్లా భువనేశ్వర్. అక్కడ సీఎస్‌ఐఆర్-ఐఎంఎంటీ ఖనిజాలు, లోహాల మీదే పనిచేసే సంస్థ. ఐఐటీ భువనేశ్వర్ కూడా ఉంది. రూర్కెలాలో ఎన్‌ఐటీ, బుర్లాలో వీర్ సురేంద్ర సాయి టెక్నాలజీ యూనివర్సిటీ. ఇటువైపు పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖ చేరితే ఆంధ్రా యూనివర్సిటీ. హైదరాబాద్‌లో పౌడర్ మెటలర్జీ (లోహపు పొడుల పని) వాళ్లకు ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ. రెడ్ మడ్, బాక్సైట్ పనైతే నాగ్‌పూర్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ అల్యూమినియం పరిశోధన కేంద్రాన్ని మర్చిపోకండి. ఆ కేంద్రం ఉన్నదే అల్యూమినియం కోసం.

మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న మనవాళ్ల లెక్క వేరు. బల్లార్షా, రాజురా, చంద్రపూర్ వాళ్లకు నాగ్‌పూరే దగ్గర. వీఎన్‌ఐటీ ఇంజనీరింగ్ సంస్థ, పర్యావరణ పనులకు నీరి పరిశోధన సంస్థ అక్కడే ఉన్నాయి. సిరోంచా వాళ్లు గడ్చిరోలిలోని గోండ్వానా యూనివర్సిటీలో రిజిస్టర్ అయినా సరే, గోదావరి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా వరంగల్ ఎన్‌ఐటీకి వెళ్లడం నాగ్‌పూర్ కంటే సులువు. నాందేడ్ వాళ్లకు ఊళ్లోనే గురు గోవింద్ సింగ్‌జీ ఇంజనీరింగ్ సంస్థ ఉంది. రాష్ట్రం దాటితే అనుమతి రాదేమో అని చాలామందికి టెన్షన్. కమిటీ ఆమోదం ఉంటే ఏ రాష్ట్రమన్నది అడ్డు కాదు.

పరికరం ఎక్కడుందో వెతకడానికి ఐ-స్టెమ్ పోర్టల్ చూడండి. 2020లో మొదలైంది, దేశంలోని ప్రభుత్వ పరికరాల వివరాలు అందులో ఉంటాయి, బుకింగ్ కూడా చేసుకోవచ్చు. కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ) నడిపే సైఫ్ అనే పరికరాల కేంద్రాలు ఐఐటీ బాంబే, ఐఐటీ మద్రాస్ లాంటి చోట్ల ఉన్నాయి, బయటివాళ్లకు తలుపులు తెరిచే ఉంటాయి. ఎలక్ట్రానిక్స్, నానో పరికరాల పనైతే ఐఎన్‌యూపీ అనే పథకం ఉంది. ఐఐఎస్‌సీ, కొన్ని ఐఐటీల క్లీన్‌రూముల్లో (దుమ్ము లేని ల్యాబుల్లో) బయటి స్కాలర్లకు ట్రైనింగ్ ఇచ్చి పని చేయనిస్తారు. సింక్రోట్రాన్ కిరణం (చాలా బలమైన ఎక్స్-రే) కావాలంటే ఇందోర్‌లోని ఇండస్-2, అయాన్ బీమ్ కావాలంటే ఢిల్లీలోని ఐయూఏసీ.

విదేశాలకు వెళ్లాలనుకునే వాళ్లకు రెండు పేర్లు చెబుతాను: అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్, ఫ్రాన్స్‌కు రామన్-చార్పాక్. రెండూ మన దేశంలో రిజిస్టర్ అయిన స్కాలర్లు కొన్ని నెలలు వెళ్లి రావడానికే. కానీ ఇక్కడ ఒక్క విజిట్ కూడా చేయకుండా నేరుగా వాటికి అప్లై చేస్తే చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

5. మొదటి మెయిల్

మెయిల్ పొడుగ్గా రాయకండి. పది పన్నెండు లైన్లు చాలు. మీరెవరు, ఎక్కడ రిజిస్టర్ అయ్యారు, గైడు ఎవరు. పదార్థం ఏంటి, ఇప్పటికి ఏం చేశారు. వాళ్ల దగ్గర ఏ కొలత కావాలి, ఎన్ని శాంపిళ్లు, ఏ నెల. ఫీజు కట్టగలరా లేదా. అంతే. మీ ఖాళీ బొమ్మల జాబితా ఒక పేజీ జతచేయండి, గైడును సీసీలో పెట్టండి.

“రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్” అని మొదలుపెట్టి ముప్పై మందికి ఒకే మెయిల్ పంపితే జవాబు రాదు. ఆ ప్రొఫెసర్ పేపరు ఒకటి చదివి, అందులో మీ పనికి తగిలే విషయం ఒక్క వాక్యంలో చెప్పండి. రెండు వారాలు చూసి మరోసారి గుర్తుచేయండి. అప్పటికీ జవాబు లేకపోతే గైడుతో ఫోన్ చేయించండి. మన దగ్గర సగం పనులు ఆ ఫోన్‌తోనే అవుతాయి, మొహమాటపడకండి.

ఒప్పుకున్నాక తేదీలు, పని, ఫీజు రాసిన అంగీకార లేఖ సంస్థ లెటర్‌హెడ్ మీద తీసుకోండి. డేటా ఎవరిది, పేపరులో ఎవరి పేర్లు ఉంటాయి అనేది కూడా ఇప్పుడే మెయిల్‌లో తేల్చుకోండి. ఫీజు కట్టి చేయించిన కొలతకు ల్యాబ్‌కు కృతజ్ఞతలు చెబితే సరిపోతుంది. ఫలితాల అర్థం చెప్పడంలో, ప్రయోగం రూపొందించడంలో చెయ్యి వేసిన వాళ్లకు రచయితగా పేరు ఇవ్వడం న్యాయం. పేటెంట్ ఆలోచన ఉంటే రెండు సంస్థల మధ్య ఒప్పందం అయ్యాకే శాంపిల్ ఇవ్వండి.

6. శాంపిళ్లు సిద్ధం చేయడం

నేను అందరికంటే ఎక్కువ పట్టుబట్టేది ఇక్కడే. ల్యాబ్ ఎంత గొప్పదైనా తడిసిన పొడికి మంచి గ్రాఫ్ రాదు.

రెడ్ మడ్‌కు క్షారం ఎక్కువ, చేతులకు గ్లవ్స్ వేసుకోండి. ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఒక రోజు ఆరబెట్టండి. మెత్తగా నూరి 75 మైక్రాన్ల జల్లెడ పట్టండి. మరీ గంటలకొద్దీ బాల్ మిల్లులో వేయకండి, ఎక్స్‌ఆర్‌డీ పీకులు (గ్రాఫులో పైకి లేచే మొనలు) వెడల్పయి అసలు స్ఫటికాల సైజు తప్పుగా వస్తుంది. చల్లారాక జిప్ కవర్లో వేసి, దాన్ని ఇంకో జిప్ కవర్లో పెట్టి, రెండింటి మధ్య సిలికా జెల్ పొట్లం పెట్టండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన కొండ జిల్లాల గాల్లో ఉండే తడికి ఒక్క కవరు చాలదు.

ఎక్స్‌ఆర్‌డీకి రెండు గ్రాములు, ఎక్స్‌ఆర్‌ఎఫ్‌కు పది గ్రాములు ఇవ్వండి. అంతే పరిమాణం ఇంటి దగ్గర దాచుకోండి. సెమ్‌కు గోరంత ముక్క చాలు, కానీ అది విరిచిన ముఖం అయి ఉండాలి, రంపంతో కోసింది కాదు.

లేబుల్ మీద ఎస్1, ఎస్2 అని మాత్రమే రాస్తే ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు. ఇలా రాయండి: “ఆర్‌ఎం-600-బి, దామన్‌జోడి, 600 డిగ్రీలు 2 గంటలు, బ్యాచ్ బి, తయారీ తేదీ”. కవరు మీద మార్కర్‌తో ఒకసారి, లోపల పెన్సిల్‌తో రాసిన చీటీ మీద ఇంకోసారి. మార్కర్ ఇంకు ఎసిటోన్ తగిలితే పోతుంది, పెన్సిల్ పోదు. అదే వివరం నోట్‌బుక్‌లో.

ఇటుకల వయసు విషయంలో జాగ్రత్త. 28వ రోజు ఫొటో కావాలి, స్లాట్ 36వ రోజున దొరికింది అనుకోండి. ఆ ముక్కలో రసాయన చర్య ఈలోగా సాగుతూనే ఉంటుంది. అందుకని 28వ రోజున చిన్న ముక్కలు విరిచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, నీటిని బయటికి లాగి, తక్కువ వేడి మీద ఆరబెట్టి డెసికేటర్‌లో (తడి చేరని మూత పాత్రలో) ఉంచండి. ఏ రోజు ఆపారో రాయండి. లేదంటే ముందు స్లాట్ తీసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి ఇటుకలు పోయండి. రెండోది ఇంకా మేలు.

హెచ్చరిక: సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం బాటిల్లో పోసి రైల్లో తీసుకెళ్లకండి. అది చర్మాన్ని, సామాన్లను కాల్చే రసాయనం, రైల్లో నిషేధం. అక్కడే కలుపుకోండి.

7. అక్కడ ఉన్న రోజులు

చేరిన రోజే టెక్నీషియన్‌ను కలిసి మీ పదార్థం గురించి చెప్పండి. మన సరిహద్దు వాళ్లకు ఒడియా వస్తుంది కాబట్టి భువనేశ్వర్‌లో మాట కలపడం తేలిక. ఆ పదిహేను నిమిషాల్లో తెలిసే సంగతులు ఏ మాన్యువల్‌లోనూ ఉండవు.

రెడ్ మడ్ అయితే తప్పకుండా అడగాల్సినవి ఇవి. ఎక్స్‌ఆర్‌డీలో రాగి ట్యూబ్ వాడుతున్నారా? ఇనుము ఎక్కువున్న శాంపిల్‌కు రాగి కిరణాలు పడితే ఫ్లోరెసెన్స్ వచ్చి గ్రాఫ్ అడుగు భాగం పైకి లేచిపోతుంది, చిన్న పీకులు అందులో మునిగిపోతాయి. ఆ ఫ్లోరెసెన్స్‌ను వడకట్టే మోనోక్రోమేటర్ ఉందా, కోబాల్ట్ ట్యూబ్ ఉందా కనుక్కోండి. ఏదీ లేకపోతే స్కాన్ నెమ్మదిగా నడపమనండి. సెమ్‌లో శాంపిల్‌కు బంగారు పూత వేస్తారు. జిర్కోనియం, భాస్వరం లాంటివి కూడా కొలవాలనుకుంటే కార్బన్ పూత అడగండి, ఎందుకంటే బంగారం పీకు వాటి పీకుల పక్కనే పడి కప్పేస్తుంది. శాంపిల్‌కు అయస్కాంత గుణం ఉంటే ముందే చెప్పాలి, దాచకూడదు. వదులు పొడి ఎగిరి మెషిన్ కాలమ్‌లోకి వెళ్తే వాళ్లకు లక్షల నష్టం, మన వెనక వచ్చే స్కాలర్లకు తలుపులు మూసుకుపోతాయి.

ప్రతి సాయంత్రం రా డేటా ఫైళ్లు రెండు చోట్ల కాపీ చేయండి. పీడీఎఫ్ గ్రాఫ్ ఒక్కటే ఇస్తే తీసుకోకండి, అంకెలున్న ఫైలు కావాలని మర్యాదగా అడగండి. మెషిన్ పేరు, మోడల్, ట్యూబ్ వోల్టేజి, స్టెప్ సైజు, ఎంతసేపు నడిపారు, ఇవన్నీ అప్పటికప్పుడు నోట్‌బుక్‌లో రాయండి. థీసిస్ మూడో అధ్యాయం రాసేటప్పుడు వీటి కోసం మళ్లీ ఫోన్లు చేయాల్సిన పని ఉండదు.

వచ్చే ముందు హాజరు తేదీలతో విజిట్ సర్టిఫికెట్, ఫీజు రసీదు. ఇవి చేతికి రాకుండా గేటు దాటకండి.

8. ఫలితం సరైనదేనా అని చూసుకోవడం

ఊరికి తిరిగి వచ్చాక కాదు, అక్కడ ఉండగానే చూడాలి. తప్పు దొరికితే ఆ మర్నాడే మళ్లీ తీయించుకోవచ్చు.

ఎక్స్‌ఆర్‌డీకి: మీ శాంపిల్ కంటే ముందు సిలికాన్ స్టాండర్డ్ ఒకసారి నడపమనండి. రాగి ట్యూబ్‌తో మొదటి పీకు 28.44 డిగ్రీల దగ్గర రావాలి. మీ పొడిలో క్వార్ట్జ్ ఉంటే దాని పెద్ద పీకు 26.6 దగ్గర ఉండాలి. అన్ని పీకులూ ఒకే దిక్కుకు జరిగి ఉంటే అది కొత్త ఆవిష్కరణ కాదు, శాంపిల్ పళ్లెంలో ఎత్తుపల్లాల లోపం.

ఎక్స్‌ఆర్‌ఎఫ్‌కు: ఆక్సైడ్లన్నీ, మీరు మఫిల్ ఫర్నేస్‌లో కొలిచిన కాల్చుడు నష్టం (కాల్చితే తగ్గే బరువు) కలిపితే మొత్తం 100కు దగ్గరగా రావాలి. కానీ చాలా మెషిన్లు మొత్తాన్ని లాగి 100 చేసి చూపిస్తాయి. అలా సర్దకముందు అంకెలు అడిగి తీసుకోండి, లోపం ఉంటే అప్పుడే బయటపడుతుంది. సోడియం తేలిక మూలకం, ఎక్స్‌ఆర్‌ఎఫ్ అంకెను పూర్తిగా నమ్మకండి. రెడ్ మడ్‌లో సోడియమే ముఖ్యం కాబట్టి ఫ్లేమ్ ఫొటోమీటర్‌తో ఇంకోసారి చూడండి.

సెమ్‌కు: ఒకే అందమైన చోటు ఫొటో తీసుకుని రాకండి. తక్కువ మాగ్నిఫికేషన్‌లో ఒకటి, అందులో కనీసం మూడు వేర్వేరు చోట్ల దగ్గరి ఫొటోలు. ఫొటో మీద స్కేల్ బార్ ఉండాలి. ఫొటో చిన్నదో పెద్దదో చేశాక మాగ్నిఫికేషన్ అంకెకు అర్థం ఉండదు, స్కేల్ బార్ మాత్రమే నిజం చెబుతుంది. ఈడీఎస్‌లో (సెమ్‌లోనే మూలకాలు కొలిచే భాగంలో) ఒక చుక్క మీద వచ్చిన శాతాన్ని మొత్తం ఇటుక శాతంగా రాయడం పరీక్షకులు వెంటనే పట్టుకునే తప్పు.

అన్నిటికీ పనికొచ్చే ఉపాయం ఒకటుంది. ఒకే పొడిని రెండు కవర్లలో వేరువేరు పేర్లతో ఇవ్వండి. రెండు ఫలితాలూ కలిస్తే కొలత మీద నమ్మకం. కలవకపోతే ఆ తేడానే మీ ఎర్రర్ బార్ (కొలత ఎంత అటూ ఇటూ కావచ్చో చూపే గీత) ఎంత ఉండాలో చెబుతుంది. వీలైతే ఒక శాంపిల్‌ను వేరే ల్యాబ్‌లో కూడా చేయించండి.

9. తిరిగి వచ్చాక మొదటి వారం

కాలేజీలో పెండింగ్ క్లాసులు, ఇన్విజిలేషన్ మీద పడతాయని తెలుసు. అయినా ఆ వారంలోనే గ్రాఫులు గీసి, జాబితాలో ఖాళీగా ఉన్న చోట్ల పెట్టండి. ఒక్కో బొమ్మ కింద మూడు వాక్యాలు: ఏం కనిపించింది, ఎందుకు, మన ప్రశ్నకు ఇది ఏం చెబుతోంది. మూడో వాక్యం రాయలేకపోతున్నారంటే ఆ కొలత ఇంకా అర్థం కాలేదన్నమాట, గైడు దగ్గరికి వెళ్లండి. ఒక పేజీ రిపోర్టు రాసి అక్కడి ప్రొఫెసర్‌కు, మీ గైడుకు, కమిటీకి పంపండి. టెక్నీషియన్‌కు కూడా ఒక థాంక్స్ మెసేజ్ పెట్టండి. రెండోసారి స్లాట్ అడగాల్సింది వాళ్లనే.

చిన్న పిల్లలున్న అమ్మలు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకోవాల్సిన వాళ్లు నాలుగు వారాలు ఒకే విడతలో ఉండలేరు. వాళ్లకు నా సలహా: పొడి తయారీ, కాల్చడం అంతా ఊళ్లో చేసుకుని, రెండు రోజుల చిన్న విజిట్లుగా విడగొట్టి, వేసవి సెలవుల్లో ఒక్కసారి మాత్రం పెద్ద విజిట్ పెట్టుకోండి. కమిటీకి ఇది ముందే చెబితే అభ్యంతరం పెట్టరు. ఇలా పూర్తి చేసిన వాళ్లను చూశాను, వాళ్ల పని ఎవరి పనికీ తీసిపోలేదు.

10. సబ్మిషన్ వరకు

యూజీసీ 2022 నిబంధనల్లో పేపర్ల ప్రచురణ తప్పనిసరి అని లేదు. కానీ చాలా యూనివర్సిటీలు తమ ఆర్డినెన్సులో అడుగుతూనే ఉన్నాయి, మీది చూసుకోండి. యూజీసీ-కేర్ అనే జర్నళ్ల జాబితాను 2025లో ఎత్తేశారు కాబట్టి జర్నల్ మంచి చెడ్డ మీరే తేల్చుకోవాలి. డబ్బు కడితే వారంలో వేస్తామనే వాటి జోలికి పోకండి.

సిమిలారిటీ, అంటే వేరేవాళ్ల రాతతో పోలిక, 10 శాతం వరకు పరవాలేదు. 10 దాటి 40 లోపైతే సరిచేసి ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి, 40 దాటి 60 లోపైతే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. విజిట్ల మీద ఆధారపడ్డ థీసిస్‌లో ఎక్కువగా పట్టుబడేది పరికరాల వివరణ, ఎందుకంటే ఆ ల్యాబ్ వెబ్‌సైట్ నుంచో, పాత థీసిస్ నుంచో దించేస్తారు. మీ నోట్‌బుక్‌లో రాసుకున్న సెట్టింగులు చూసి మీ మాటల్లో రాయండి.

ఏ కొలత ఏ సంస్థలో ఏ తేదీన తీశారో ఒక పట్టికగా అనుబంధంలో పెట్టండి. ఆమోద లేఖలు, కమిటీ మినిట్స్, విజిట్ సర్టిఫికెట్లు, రసీదులు ఒక ఫోల్డర్‌లో వరుసగా పెట్టి వైవా రోజున వెంట తీసుకెళ్లండి. “ఈ కొలత మీరే తీశారా, ఎవరైనా తీసిచ్చారా?” అని ఎక్స్‌టర్నల్ (బయటి పరీక్షకులు) అడగడం ఖాయం. మీరు తీసింది మీరు తీశారని, టెక్నీషియన్ తీసింది టెక్నీషియన్ తీశారని చెప్పండి, నోట్‌బుక్‌లో ఆ తేదీ పేజీ తెరిచి చూపించండి.